గృహ గ్రహశాంతి: నిజామాబాద్, బోధన్ ప్రాంతం

జాతకంలోనో గోచారంలోనో అనుకూలంగా లేవనుకున్న గ్రహాలను పూజ, జపం, హోమం, దానాలతో శాంతింపజేసే కర్మకు గ్రహశాంతి అని పేరు. సూర్యుడు మొదలు కేతువు దాకా తొమ్మిదింటికీ కలిపి చేస్తే నవగ్రహ శాంతి. ఒక్క శనికో, ఒక్క కుజుడికో చేస్తే ఆ గ్రహం పేరుతో శాంతి. గుళ్ళలో నవగ్రహ ప్రదక్షిణలు, శనివారం తైలాభిషేకాలు ఇప్పుడు ఎక్కువగా కనబడుతున్నాయి కాబట్టి ఇది గుడి వ్యవహారమనీ, ఇంట్లో చేసుకునేది దానికి చిన్న నకలనీ చాలామంది అనుకుంటారు. వరస అది కాదు. ధర్మశాస్త్రం దీన్ని మొదట గృహస్థుకే చెప్పింది. ఈశాన్యం మూల తొమ్మిది నల్లరాతి విగ్రహాలతో మన శివాలయాల్లో కనిపించే మండపం తరవాత వచ్చింది.

తెలుగువాడు పూజ చేసినా చేయకపోయినా గ్రహాల ఊసెత్తకుండా రోజు గడవదు. కాలం కలిసిరాకపోతే గ్రహచారం, అనుకోని దెబ్బ తగిలితే గ్రహపాటు, వదలని మనిషి తగులుకుంటే శని. నమ్మకం లేనివాళ్ళ నోట కూడా ఈ మాటలే వస్తాయి.

నిజాంసాగర్ కాలువల కింది నేల ఈ కర్మను దగ్గరగా చూడటానికి మంచి చోటు. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు, 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఇక్కడికి రకరకాల జనాన్ని తెచ్చాయి. కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చిన రైతులు వర్ని, కోటగిరి, బోధన్ చుట్టూ పొలాలు కొనుక్కుని ఊళ్ళు కట్టుకున్నారు. వాటిని ఇప్పటికీ క్యాంపులనే అంటారు. సాలూర దాటితే మహారాష్ట్ర. నిజామాబాద్ పట్నంలో మార్వాడీ వర్తకులు. ఇక తెలంగాణ ఇళ్ళలో కొందరికి బ్రాహ్మణ పురోహితుడు, కొందరికి వైష్ణవ అయ్యగారు, కొందరికి జంగమయ్య. అందుకే ఒక్క వాడలోనే శనికి రెండు పేర్లు వినిపిస్తాయి: తెలుగింట్లో ఏలినాటి శని, మరాఠీ ఇంట్లో సాడేసాతి. రెండోదానికి అర్థం ఏడున్నర అనే. తమిళులు ఏళరై నాట్టు శని అంటారు, మన ఏలినాటికి దానితో ఉన్న చుట్టరికం వింటేనే తెలుస్తుంది. మరాఠీ కుటుంబాలు పెళ్ళికి ముందు ఇంట్లో చేసే గ్రహశాంతికి గ్రహమఖం అని పేరు. కొత్త ఇంటికి వాస్తుశాంతి చేసినా అందులో గ్రహాల వాటా గ్రహాలకు ఉంటుంది. శని అనగానే క్యాంపు పెద్దలకు కోనసీమలోని మందపల్లి మందేశ్వరస్వామి గుర్తొస్తే, సరిహద్దు ఊళ్ళవాళ్ళకు శని శింగణాపూర్ గుర్తొస్తుంది.

శాస్త్రం చెప్పింది

దీనికి ప్రసిద్ధమైన పాత ఆధారం యాజ్ఞవల్క్య స్మృతి. దాని ఆచారాధ్యాయంలో గ్రహశాంతి ప్రకరణం ఒకటి ఉంది. సంపద కోరేవాడు, శాంతి కోరేవాడు, వాన కోరేవాడు, ఆయుష్షు కోరేవాడు గ్రహయజ్ఞం చేయాలంటుంది. ఏ గ్రహానికి దేనితో బొమ్మ చేయాలో, ఏ చెట్టు పుల్ల వేయాలో, ఏ అన్నం పెట్టాలో, ఏ దక్షిణ ఇవ్వాలో కొద్ది శ్లోకాల్లోనే సర్దేసింది. ఈ ప్రకరణానికి ముందున్నది వినాయకుడికి సంబంధించిన శాంతి. నేటి ఇళ్ళలో నవగ్రహాల కంటే ముందు పసుపు గణపతి కూర్చోవడం చూస్తే ఆ వరస ఎంత పాతదో అర్థమవుతుంది. మత్స్య పురాణం హోమాన్ని ఆహుతుల లెక్కన మూడు తరగతులు చేసింది: పదివేలైతే అయుత హోమం, ఆపైన లక్ష హోమం, కోటి హోమం. చివరి రెండూ రాజులకు, మఠాలకు, ఊరందరూ చందాలు వేసుకుని చేసే యాగాలకు తగినవి. ఇంటికి అంత అక్కర్లేదు. యాజ్ఞవల్క్యుడే గ్రహానికి 108 గానీ 28 గానీ సమిధలు చాలన్నాడు. 108 చొప్పున తొమ్మిదింటికి 972, 28 చొప్పున 252. రెండు గదుల ఇంట్లో చేసేటప్పుడు పురోహితుడు ఎనిమిదికి దిగి 72తో ముగించడమూ ఉంది.

ఇన్ని శాంతుల మాట అటుంచి, గ్రహపూజ ఎప్పుడూ చేయించలేదనుకునే ఇల్లు కూడా చేయించే ఉంటుంది. సత్యనారాయణ వ్రతంలో కథలు మొదలవకముందు మండపారాధన అని సాగే పూజ అదే. నవగ్రహాలు, ఒక్కొక్కరికి కుడివైపు అధిదేవత, ఎడమవైపు ప్రత్యధిదేవత, మొత్తం 27 మంది, ఆ తరవాత దిక్పాలకులు. పిల్లలు ప్రసాదం ఎప్పుడు పెడతారా అని చూస్తుంటారు, ఆడవాళ్ళు వంటింటికీ పీటకూ మధ్య తిరుగుతుంటారు, ఆ సందట్లో తొమ్మిది గ్రహాలూ వచ్చి కూర్చుని పూజ అందుకుంటాయి.

పీట మీద

కర్మ సంకల్పంతో మొదలవుతుంది. గోత్రం, నక్షత్రం, పేరు చెప్పే ముందు పురోహితుడు చోటు చెబుతాడు. నిజామాబాద్ ఇంట్లోనైతే శ్రీశైలానికి వాయవ్యంగా, కృష్ణా గోదావరుల నడుమ అని సాగుతుంది. ఇంటి నెంబరూ పిన్ కోడూ లేని ఈ చిరునామా గ్రహాలకు సరిపోతుందన్నమాట. తరవాత సంవత్సరం పేరు, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. ఒక్క గుక్కలో చోటూ కాలమూ రెండూ ఖరారు.

ఆపైన గణపతి. చిటికెడు పసుపును నీళ్ళతో తడిపి, ముద్ద చేసి, తమలపాకు మీద నిలబెడతారు. దేశంలోని పెద్ద పసుపు మార్కెట్లలో ఒకటి నిజామాబాద్ యార్డు. ఆర్మూరు, బాల్కొండ పొలాల్లో తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి తెచ్చిన కొమ్ములు కాడి, గోళ అని వేర్వేరు రాశులుగా అక్కడ పడతాయి. జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం కూడా 2025లో ఇక్కడే తెరుచుకుంది. క్వింటాళ్ళలో బేరం ఆడే ఆ సరుకే ఇక్కడ వేలెడంత దేవుడవుతుంది.

గణపతి వెనుక పీట మీద కొత్త తువ్వాల పరచి, బియ్యం పోసి, తొమ్మిది గళ్ళు గీస్తారు. నడుమ తూర్పు ముఖంగా సూర్యుడు. తూర్పున శుక్రుడు, ఆగ్నేయంలో చంద్రుడు, దక్షిణాన కుజుడు, నైరుతిలో రాహువు, పడమట శని, వాయవ్యంలో కేతువు, ఉత్తరాన గురువు, ఈశాన్యంలో బుధుడు. ముగ్గు తెలిసిన ఇల్లాలికైతే గళ్ళు చాలవు, ఆకారాలూ వేస్తుంది: సూర్యుడికి గుండ్రం, చంద్రుడికి నలుపలకలు, కుజుడికి త్రికోణం, బుధుడికి బాణం, గురువుకు పొడుగు చతురస్రం, శుక్రుడికి ఐదు మూలలు, శనికి విల్లు, రాహువుకు చేట, కేతువుకు జెండా. రాహువుకు చేట ఎందుకో నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. ఆకాశంలో కనబడని గ్రహానికి వంటింట్లో రోజూ కనబడే వస్తువు ఆకారం ఇచ్చారు. ఒక్కో గడిలో ఆకు, పోక, ఎండు ఖర్జూరం, పసుపు కొమ్ము, దక్షిణ నాణెం పెట్టి, గ్రహానికి తగిన రంగు గుడ్డ ముక్క కప్పి, తగిన ధాన్యం పోస్తారు. కుడకలు, కొబ్బరికాయ, కలశం పక్కన సిద్ధంగా ఉంటాయి.

ధాన్యాల పట్టిక ఇది: సూర్యుడికి గోధుమలు, చంద్రుడికి బియ్యం లేదా వడ్లు, కుజుడికి కందులు, బుధుడికి పెసలు, గురువుకు శనగలు, శుక్రుడికి బొబ్బర్లు, శనికి నువ్వులు, రాహువుకు మినుములు, కేతువుకు ఉలవలు. ఈ జిల్లా రైతు ఈ పట్టిక చదివితే తన పొలం సగం అందులో లేదని గమనిస్తాడు. తాతల నాటి జొన్న లేదు. ఇప్పుడు ఎకరాలకు ఎకరాలు పండే మొక్కజొన్న లేదు, సోయా లేదు. గ్రహరాజుకు చెందిన గోధుమేమో తెలంగాణలో అంతగా పండదు, కిరాణా కొట్టు నుంచి రావాలి. తొమ్మిదిలో ఐదు పప్పుదినుసులు, ఆరోదైన ఉలవా ఆ జాతిదే, నూనెగింజ ఒక్కటే. మెట్ట పొలం, చిన్న కమతం, ఇంటికింత పప్పు పండించుకున్న రోజుల జ్ఞాపకం ఈ పీట మీద మిగిలింది. చెరకుకు గింజ లేదు కాబట్టి ధాన్యాల్లో చోటు దొరకలేదు. అది వేరే దారిన వచ్చింది. యాజ్ఞవల్క్యుడు చెప్పిన నైవేద్యాల్లో మొదట వచ్చేది సూర్యుడికి పెట్టే బెల్లం అన్నం. గురువుకు పెరుగన్నం, చంద్రుడికి పాయసం, శనికి నువ్వుల పొడి. రాహువు దగ్గర మాంసం అని ఉంది, నేటి ఇళ్ళలో ఆ ఊసెత్తరు.

సమిధలు

హోమానికి పుల్లలు ఏరడం ఒకప్పుడు సగం పని. సూర్యుడికి జిల్లేడు, చంద్రుడికి మోదుగ, కుజుడికి చండ్ర, బుధుడికి ఉత్తరేణి, గురువుకు రావి, శుక్రుడికి మేడి, శనికి జమ్మి, రాహువుకు గరిక, కేతువుకు దర్భ. ఇది చేను గట్టు నుంచి అడవి అంచు దాకా ఒక పొద్దు నడిస్తే ఎదురయ్యే మొక్కల వరస. జిల్లేడు, ఉత్తరేణి కాలువ గట్టు మీదే దొరుకుతాయి. ఉత్తరేణి వినాయక చవితి పత్రిలోనూ ఉంది కాబట్టి పిల్లలకూ తెలుసు. రావి గుడి దగ్గర. మోదుగ విస్తళ్ళు కుట్టినవాళ్ళకు దాని జాడ చెప్పనక్కర్లేదు. జమ్మి దసరా నాడు ఊరంతా పంచుకునే ఆకు, తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా. పట్నంవాళ్ళకు దొరకనిది చండ్ర. తాంబూలంలోకి వేసే కాచు తీసేది దాని చేవ నుంచే. ఇప్పుడు పూజా సామాను దుకాణంలో నవగ్రహ సమిధలని తొమ్మిది కట్టలు ఒకే ప్లాస్టిక్ సంచిలో అమ్ముతారు. ఎండిన పుల్లల్లో ఏది మేడో ఏది రావో పోల్చేవాడు కొనేవాళ్ళలో లేడు, అమ్మేవాళ్ళలోనూ ఉంటాడని చెప్పలేం. నా మటుకు నాకు ఈ కర్మలో నిజంగా పోయింది మంత్రం కాదు, ఆ నడక.

ఇటుకలు నాలుగువైపులా పేర్చి, నడుమ ఇసుక పోసి, దాని మీద అగ్ని ఉంచుతారు. ఇదే స్థండిలం. ఒక్కో గ్రహానికి సమిధ, నెయ్యి, చరువు అనే అన్నం, ఈ మూడూ పడతాయి. పూర్ణాహుతి అయ్యాక కలశంలోని నీళ్ళు ఇంటిల్లిపాదిపై చల్లుతారు, కొన్ని ఇళ్ళలో దంపతులను పీట మీద కూర్చోబెట్టి నెత్తిన పోస్తారు. అపార్ట్‌మెంట్లు వచ్చాక స్థండిలం పోయి రేకు హోమకుండం వచ్చింది. కిటికీలు తీసి, పంకా ఆపి, పక్క ఫ్లాటువాళ్ళకు ముందే చెప్పి మొదలుపెట్టాల్సి వస్తోంది. గ్యాసు బండ ఉన్న వంటింటికి దూరంగా కుండం పెట్టించడం ఏ శాస్త్రంలోనూ లేదు గానీ తప్పనిసరి.

జపం, దానం

ఒక్క గ్రహానికి శాంతి అంటే హోమం కంటే జపానికే బరువెక్కువ. తెలుగు పంచాంగాల లెక్క దశా సంవత్సరాలను వెయ్యితో హెచ్చించినట్టుంటుంది: రవికి 6,000, చంద్రుడికి 10,000, కుజుడికి 7,000, రాహువుకు 18,000, గురువుకు 16,000, శనికి 19,000, బుధుడికి 17,000, కేతువుకు 7,000, శుక్రుడికి 20,000. మొత్తం 1,20,000. ఆ దశలన్నీ కలిసిన వింశోత్తరి దశ 120 ఏళ్ళే మరి. శని జపం 108 పూసల మాలతో చేస్తే 176 మాలలు. ఇంటి యజమానికి అంత ఓపిక ఉండదు కాబట్టి పురోహితుడు తన ఇంట్లోనే కొన్నాళ్ళు కూర్చుని పూర్తిచేసి, చివరి రోజు వచ్చి జపం ధారపోస్తాడు. అందులో పదోవంతు హోమం, దానిలో పదోవంతు తర్పణం.

దానం దగ్గరకొచ్చేసరికి కర్మ మరో రంగు పులుముకుంటుంది. గోధుమల దానం, కందుల దానం పుచ్చుకోవడానికి ఎవరూ వెనుకాడరు. నువ్వులు, నూనె, ఇనుము, నల్లగుడ్డ అనేసరికి చెయ్యి చాచేవాళ్ళు తగ్గుతారు. ఇచ్చినవాడి శని పుచ్చుకున్నవాడికి అంటుతుందనే భయం ఇచ్చేవాడికీ తెలుసు, తీసుకునేవాడికీ తెలుసు. తిలదానం పట్టబోమని తేల్చి చెప్పే పురోహితులున్నారు. పట్టినవాళ్ళు ఇంటికి పోయి స్నానం చేసి, ప్రాయశ్చిత్తంగా గాయత్రి జపం చేసుకుంటారు. పేదరికం ఎక్కువున్న బాపనింటికే ఈ దానాలు ఎక్కువ చేరేవన్న సంగతి పాత తరం వాళ్ళు దాచకుండా చెబుతారు. ఒక ఇంటి భయాన్ని మరో ఇంటి అవసరం మోసేది.

ఛాయాదానంలో ఈ భయం కంటికి కనబడుతుంది. ఇనుప గిన్నెలోనో కంచు గిన్నెలోనో నువ్వుల నూనె పోసి, యజమాని వంగి తన మొహం అందులో చూసుకుని, ఆ గిన్నె దానం చేస్తాడు. నూనెలో మొహం అద్దంలోలా తేటగా ఉండదు, కొంచెం నల్లగా, కొంచెం కదులుతూ, పైనున్న దీపంతో సహా కనబడుతుంది. ఆ ఒక్క క్షణం గదిలో మాటలు ఆగిపోతాయి. మూల, జ్యేష్ఠ, ఆశ్లేష వంటి నక్షత్రాల్లో బిడ్డ పుడితే చేసే శాంతిలోనూ నూనె ఇలాగే అడ్డం నిలుస్తుంది. తండ్రి బిడ్డను నేరుగా చూడకుండా, నూనెలో పడ్డ నీడను ముందు చూస్తాడు. ఆస్పత్రిలో పుట్టినరోజే సెల్‌ఫోన్లో ఫొటో చూసిన తండ్రి కూడా పదకొండో నాడో ఇరవై ఏడో నాడో ఈ తంతుకు కూర్చుంటాడు. అప్పుడు చూసింది లెక్కలోకి రాదని అయ్యగారు సర్దిచెబుతారు.

శని లెక్కలు

ఇంట్లో శాంతులు ఎక్కువగా జరిగేది శని పేరుతోనే. శని రాశిచక్రం తిరగడానికి దాదాపు ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళు పడుతుంది, రాశికి రెండున్నర. జన్మరాశికి ముందు రాశి, జన్మరాశి, తరవాతి రాశి కలిపి ఏడున్నర. నాలుగింట ఉంటే అర్ధాష్టమ శని, ఎనిమిదింట ఉంటే అష్టమ శని. దృక్ గణితం ప్రకారం 2025 మార్చి 29న శని మీనంలోకి వచ్చాడు, మర్నాడే విశ్వావసు ఉగాది. కుంభ, మీన, మేష రాశులవారికి ఏలినాటి, ధనుస్సుకు అర్ధాష్టమం, సింహానికి అష్టమం. పన్నెండు రాశుల్లో ఐదు ఒకేసారి శని చేతిలో ఉన్నట్టు. అంటే ఏ కాలంలో చూసినా నూటికి నలభై మంది శాంతి చేయించుకోదగినవాళ్ళే! ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు విన్న ఉగాది సాయంత్రం తరవాత పురోహితులకు తీరిక దొరకకపోవడంలో వింతేముంది? తమిళుల తిరునళ్ళారు ఆలయం పాత లెక్కల వాక్య పంచాంగాన్ని పాటిస్తుంది కాబట్టి శని మీనానికి మారింది వాళ్ళకు 2026లో. అదే గ్రహం, అదే ఆకాశం, దాదాపు ఏడాది తేడా.

బోధన్‌లో ఈ ఏడున్నర లెక్క వింటే మనసు ఫ్యాక్టరీ మీదికి పోతుంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న నిజాం షుగర్స్ 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది. ఆ లెక్కన ఏలినాటి శని 2023 మధ్యకే వదలాలి.

కాదనేవాళ్ళు

రాహుకేతువులు గ్రహాలు కావు. చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు బిందువులు. గ్రహణాలు నీడల వల్లనేనని ఆర్యభటుడు 499లోనే రాశాడు. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊళ్ళలో ఈ మాటే చెబుతారు, గ్రహణం నాడు అందరి ముందూ తిని చూపిస్తారు. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులు పెట్టాలని 2001లో యూజీసీ అన్నప్పుడు, హైదరాబాద్ సీసీఎంబీని తీర్చిదిద్దిన శాస్త్రవేత్త పుష్ప మిత్ర భార్గవ కోర్టుకెక్కారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు వెళితే 2004లో అక్కడా ఓడారు. రత్నాల ఉంగరాల వ్యాపారం మీద ఈ విమర్శ నూటికి నూరుపాళ్ళూ తగులుతుంది. కెంపు నుంచి వైడూర్యం దాకా తొమ్మిది రాళ్ళ బేరంలో శాంతి ఎవరికి కలుగుతుందో అమ్మేవాడికి తెలుసు. గుప్పెడు ఉలవలు, జమ్మి పుల్ల అడిగే ఇంటి పూజను అదే గాటన కట్టడం మాత్రం సరికాదు.

మంజీర దాకా, దుబాయి దాకా

పూజ అయ్యాక ఉద్వాసన చెప్పిన ఆకులు, పూలు, పసుపు గణపతి నీళ్ళకు చేరాలి. బోధన్ వైపువాళ్ళకు వీలైతే కందకుర్తి. మంజీర, హరిద్ర గోదావరిలో కలిసే చోటు అది. గురువు సింహరాశిలో అడుగుపెట్టినప్పుడు గోదావరికి పుష్కరాలు. 2015 జూలైలో అక్కడి రేవులు కిక్కిరిశాయి, మళ్ళీ పుష్కరాలు 2027లో. గ్రహం రాశి మారితే ఒక ఇంట్లో పీట వేస్తారు, ఒక నదికి జనం పోటెత్తుతారు.

ఈ జిల్లాలో చాలా ఇళ్ళకు ఒక మనిషి ఎడారి దేశంలో ఉంటాడు. దుబాయి, మస్కట్, దోహా ఎక్కడైనా సరే, పది మంది పడుకునే కార్మికుల గదిలో అగ్ని రాజేయడం కుదరదు. అమెరికా ఇళ్ళలోనైతే పొగ తగిలితే గోల పెట్టే అలారాలుంటాయి, అక్కడి తెలుగువాళ్ళు హోమాన్ని గుడి హాలుకు మార్చుకున్నారు. గల్ఫ్ మనిషికి ఆ వెసులుబాటూ తక్కువే, శాంతి ఆర్మూరులోనో బోధన్‌లోనో తల్లి చేయిస్తుంది. సంకల్పంలో గోత్రం, నక్షత్రం, పేరు కొడుకువి. కూర్చునేది తండ్రో తమ్ముడో. పీట పక్కన కొబ్బరికాయకు ఫోను ఆనించి వీడియో కాల్ పెడతారు. అక్కడ డ్యూటీకి పోయే వేళైతే పూర్ణాహుతికి ముందే తెర ఆరిపోతుంది. హోమం చల్లారాక బూడిదను నేతితో కలిపి రక్ష తీసి, కాగితం పొట్లం కట్టి, ఆ వైపు విమానం ఎక్కే ఊరివాళ్ళ చేతికి మామిడికాయ తొక్కు డబ్బాతో పాటు ఇస్తారు.